కాఫీ డబ్బా మీద ప్రమాణం

మా పెద్దోడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా ఒక కాఫీపొడి ప్యాకెట్టు తెస్తాడు. మేము చిత్తూరులో గింజలు వేయించి పొడి కొట్టించుకుంటామని తెలిసీ తెస్తాడు. ఈసారి తెచ్చింది అరకు కాఫీ. ముందువైపు కొండలు, మబ్బులు. వెనక తిప్పితే అంతా ముద్రలే. ఆకుపచ్చ చుక్క ఒకటి, సేంద్రియమని చెప్పే గుర్తులు రెండు, అరకు పేరుకు భౌగోళిక గుర్తింపు ఉందని ఇంకొకటి, అన్నిటికీ కింద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు.

మా అత్త కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్టును చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"ఏంది మే ఇది, రిజిస్టరు పోస్టు మాదిరి ఇన్ని ముద్దర్లు కొట్టినారు?"

"మంచి కాఫీ అని ప్రమాణాలు అత్తా" అన్నాను. నాణ్యతా ప్రమాణాలు అనాల్సింది, తొందరలో సగమే వచ్చింది.

ఐరాల మండలంలో ఉంటూ ప్రమాణం అనే మాట అంత తేలిగ్గా వాడకూడదు. కాణిపాకం మా మండలంలోదే. అప్పు ఎగ్గొట్టినోడు, దొంగతనం చేయలేదనేవాడు, తాగుడు మానేస్తానని పెండ్లాం ముందు ఒప్పుకున్నోడు, అందరూ అక్కడ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి మాట చెప్పాల్సిందే. గుడిదాకా పోతే చాలు, కొందరు కోనేటి మెట్ల మీదే నిజం ఒప్పేసుకుంటారని మా పక్క చెప్పుకుంటారు. మా అత్తకు ప్రమాణం అంటే అదొక్కటే.

"ఎవురు చేసినారు ప్రమాణం? కోనేట్లో మునిగి చేసినారా, గట్టు మీద నిలబడి చేసినారా?"

నేను నవ్వేసి డికాషన్ పెట్టడానికి పోయాను కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మధ్యాహ్నాలు పని అయ్యాక చదువుతూ పోతే నెల పట్టింది. ఒక్కొక్క ముద్రకూ వెనక ఒక తగవు ఉందని తెలిసింది. ఎవరో ఎవరినో మోసం చేశారు, ఎవరో గొడవ పెట్టారు, అప్పుడు పుట్టింది ఆ ముద్ర.

అన్నిటికంటే పాత తగవు చికోరీది. మీ ఇంట్లో ప్యాకెట్టు పొడి వాడేవాళ్లయితే ఇప్పుడే డబ్బా దించి చూడండి. అందులో కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని ఒక వాక్యం ఉంటుంది. నేను ఇరవై ఏళ్లుగా వంటింట్లో ఉండీ దాన్ని శ్రద్ధగా చదవలేదు. చికోరీ అంటే ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి పొడి కొడితే రంగు చిక్కగా వస్తుంది, డికాషన్ ముద్దగా దిగుతుంది, కాఫీ కంటే చవక. కొంచెం ఉంటే మా ఇంట్లో అందరికీ ఇష్టమే, అబద్ధం చెప్పను. ఎంత ఉందో చెప్పకుండా కలిపినప్పుడే గొడవ.

ఈ గొడవ మనది కాదు, లండన్‌ది. ఆర్థర్ హిల్ హసాల్ అనే డాక్టరు 1850 ప్రాంతంలో అక్కడి అంగళ్లలో కాఫీపొడి కొని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. 34 నమూనాలు చూస్తే మూడింట్లోనే ఉత్త కాఫీ ఉంది. మిగతా 31లో చికోరీ కలిసి ఉంది. అంతకుముందు దాకా పొడి అయిన తరవాత ఏది కాఫీనో ఏది వేరో కనిపెట్టలేమని పెద్దపెద్ద వాళ్లే చెప్తూ ఉండేవారట. తరవాత 'లాన్సెట్' అనే వైద్య పత్రిక కల్తీల మీద వరసగా రాస్తూ ఏ అంగడి సరుకులో ఏముందో పేర్లతో సహా అచ్చువేసింది. కలిపితే కలిపినట్టు పైన రాసి అమ్మాలనే పద్ధతి ఆ దేశంలో ఆ గొడవల్లోంచే గట్టిపడింది.

మన దగ్గర ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన నియమాల కింద కాఫీ, చికోరీ కలిపిన పొడిలో బరువుకు కనీసం 51 శాతం కాఫీ ఉండి తీరాలి, ఆ సంగతి పైన రాయాలి. 2006 చట్టంతో ఆహార భద్రతా సంస్థ వచ్చాక కూడా లెక్క అదే. అంటే సగానికి ఒక్క శాతం తక్కువ వేరు పొడి ఉన్నా దాన్ని కాఫీ వరసలోనే అమ్మొచ్చు, కాకపోతే చెప్పి అమ్మాలి. చదివి తెలుసుకోవడం మన బాధ్యత. నేను చదవని ఇరవై ఏళ్లలో ఎంత వేరు తాగి ఉంటానో లెక్క కట్టడం మానేశాను.

ఇక పొడి కొట్టించుకునే మాలాంటి వాళ్లకు ఏ వాక్యమూ లేదు. "చికోరీ ఎంతమ్మా, ఇరవయ్యా ముప్పయ్యా?" అని అంగడాయన అడుగుతాడు, మనం చెప్తాం, ఆయన వేస్తాడు. కళ్ల ముందే తూకం వేస్తే సరే. మా పెళ్లయిన కొత్తలో ఒక అంగట్లో తెచ్చిన పొడి మా అత్తకు అనుమానం వచ్చింది. ఒక గాజు గ్లాసు నిండా చల్లనీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లింది. కాఫీపొడి నీళ్ల మీద కాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే దిగిపోతుంది, దిగుతూ నీళ్లలో గోధుమరంగు చారలు విడుస్తుంది. ఆ గ్లాసులో తేలింది తక్కువ, దిగింది ఎక్కువ. మేము ఇరవై పాళ్లు చెప్పి డబ్బులిచ్చిన పొడి అది. మా అత్త గ్లాసు మీద చేయి మూసి, ఆ గ్లాసుతోనే బస్సెక్కి చిత్తూరు పోయింది. అంగట్లో నలుగురు ఉన్నప్పుడు బల్ల మీద పెట్టిందట. ఏం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. అప్పటినుంచి వేరే అంగడి.

హసాల్ అనే ఆయన గురించి చదివి చెప్తే, "ఆయన్దీ నా పనే" అంది.

మా పక్కన ఈ కాఫీ పిచ్చి ఇంత గట్టిగా ఎందుకుందో కూడా చరిత్రే చెప్తుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి చిత్తూరే కేంద్రం. వేలూరు, ఆరణి, తిరుత్తణి వైపు చుట్టరికాలు, సంతలు, కోర్టు పనులు. పాలు, అరవ మాటలు, ఇత్తడి ఫిల్టరు అన్నీ ఆ దారినే ఇటు వచ్చాయి. అయినా మా అత్త చిన్నతనంలో పొద్దున్నే ఇంట్లో రాగి అంబలే. చుట్టాలొస్తేనే కాఫీ. "అప్పుట్లో కాఫీ తాగినామంటే పదిమందికి చెప్పుకునేది" అంటుంది.

ఆ కాలంలో కాఫీకి ఒకే ఒక ప్రమాణకర్త ఉండేది, కాఫీ బోర్డు. రెండో ప్రపంచ యుద్ధంతో యూరప్ బజారు మూతపడి తోటలవాళ్లు దివాళా తీసే స్థితికి వచ్చినప్పుడు, 1942 చట్టంతో దేశంలో పండిన కాఫీ అమ్మకం అంతా బోర్డు చేతికి పోయింది. రైతు తన కాఫీ తాను అమ్ముకోకూడదు. ఇంటికీ విత్తనానికీ కొంచెం ఉంచుకుని మిగతాది బోర్డు పూల్‌లో పోయాలి. బోర్డు గ్రేడు కట్టి, వేలం వేసి, వచ్చిన డబ్బు వాయిదాల మీద పంచుతుంది. పూర్తి డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టేది.

గ్రేడు అంటే ముఖ్యంగా జల్లెడ. గింజ ఎంత సైజు రంధ్రాల మీద ఆగింది, ఎన్ని విరిగినవి, ఎన్ని నల్లవి. ప్లాంటేషన్ ఏ అంటే 6.65 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడ మీద నిలిచేది, ప్లాంటేషన్ బి దానికంటే చిన్నది. మనవాళ్లు గొప్పగా చెప్పుకునే పీబెర్రీ కూడా గ్రేడే, జాతి కాదు. మామూలుగా కాఫీ కాయలో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒకవైపు చదునుగా ఉంటాయి. ఎప్పుడో ఒక కాయలో ఒక్కటే గింజ పెరిగి గుండ్రంగా తయారవుతుంది. దాన్ని ఏరి వేరుగా అమ్ముతారు. మా పుట్టింట్లో పీబెర్రీ అంటే ప్రత్యేకమైన చెట్టు అనుకునేవాళ్లం. అదే చెట్టు, ఒంటి పిల్ల.

బోర్డు ముద్ర నమ్మదగిందే. కానీ అది గింజ గురించి చెప్పింది, మనిషి గురించి చెప్పలేదు. ఏ కొండ మీద, ఎవరు, చెట్లు ఉంచి పండించారా నరికి పండించారా, కోసిన కూలికి ఎంత ఇచ్చారు, ఇవేవీ జల్లెడకు చిక్కవు. అందరి కాఫీ ఒకే రాశిలో కలిసిపోయేది. 1992 నుంచి కొంచెం కొంచెంగా సడలించి, 1996లో రైతు తన పంట మొత్తం తానే అమ్ముకోవచ్చన్నారు. అప్పటికి బయట ప్రపంచంలో బజారు తలకిందులైపోయి ఉంది.

మా అత్త అడిగిన ప్రశ్నకు దగ్గరగా పోయేది అక్కడి కథే. 1962 నుంచి కాఫీ పండించే దేశాలూ కొనే దేశాలూ ఒక అంతర్జాతీయ ఒప్పందం చేసుకుని, ఎవరు ఎంత అమ్మాలో కోటాలు పెట్టుకున్నాయి. ధర మరీ పడిపోకుండా అదొక కట్ట. 1989 జూలైలో ఆ కోటాలు ఎత్తేశారు. కట్ట తెగింది. 2001 నాటికి ప్రపంచ సగటు ధర పౌనుకు 50 సెంట్ల కిందికి దిగిపోయింది. కోత కూలి కూడా రాక కాయలు చెట్టుమీదే వదిలేసిన వాళ్లున్నారు. తోతాపురి ధర పడిపోయిన ఏడు మామిడికాయలు తోటలోనే మురగడం చూసిన మా ఊరివాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

కట్ట తెగడానికి కొన్ని నెలల ముందే, 1988 నవంబరులో నెదర్లాండ్స్‌లో ఒక ముద్ర పుట్టింది. మెక్సికోలో వహాకా కొండల్లో ఆదివాసీ కాఫీ రైతుల మధ్య పనిచేస్తున్న ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అనే డచ్ పాదిరి, నికో రోజెన్ అనే ఇంకొకాయన కలిసి మొదలుపెట్టారు. ఆ రైతుల సంఘం పేరు ఉసిరి. తెలుగు మాటలాగే ఉంది కదా, కానీ అది వాళ్ల సంఘం పేరులోని పొడి అక్షరాలు. ఆ రైతులకు దానాలు వద్దు, సరైన ధర చాలన్నారట. ముద్రకు 'మాక్స్ హావెలార్' అని పేరు పెట్టారు. అది 1860లో వచ్చిన ఒక డచ్ నవల పేరు. జావాలో డచ్చివాళ్లు రైతుల చేత బలవంతంగా పంటలు పండించిన అన్యాయం మీద రాసిన కథ. ఏ దేశం జావా కాఫీతో డబ్బు చేసుకుందో ఆ దేశపు అంగట్లోనే ఆ పేరు కాఫీ ప్యాకెట్టు మీదికి ఎక్కింది. నాకు ఈ ముద్రలన్నిట్లో ఇదొక్కటి సగమైనా కోనేట్లో దిగిందనిపించింది.

దీని వరసలో వచ్చిందే ఫెయిర్‌ట్రేడ్. బజారు ధర ఎంత పడినా ఒక కనీస ధర ఇవ్వాలి, పైన సంఘానికి కొంత ప్రీమియం ఇవ్వాలి. 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు ఆ కనీసం పౌనుకు 1.80 డాలర్లు, ప్రీమియం 20 సెంట్లు. అంతకుముందు పన్నెండేళ్లు అది 1.40 దగ్గరే కదలకుండా ఉంది, ఎరువు, కూలి, బస్సు ఛార్జీ అన్నీ కదిలినా. సంఘం ముద్ర తీసుకున్నా, కొనేవాళ్లు పంటలో కొంత భాగమే ఆ ముద్ర కింద కొని మిగతాది మామూలు ధరకు అడిగే సందర్భాలు చాలా. ఇది నాకు నచ్చలేదు. ప్రమాణం పంట మొత్తానికీ చేయించుకుని, డబ్బు కొంతదానికే ఇవ్వడం ఏం న్యాయం?

మిగతా ముద్రలు త్వరగా చెప్పేస్తాను. ఆకుపచ్చ కప్ప ఉండేది రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్, చెట్లూ నీళ్లూ కూలీల బాగోగులూ చూస్తామంటుంది. ఊట్స్ అని ఇంకొకటి ఉండేది, ఆ పేరుకు మాయా భాషలో మంచి అని అర్థమట. 2018లో అది కప్పలో కలిసిపోయింది. వలస పక్షులకు నీడచెట్లు మిగలాలని అమెరికాలో స్మిత్‌సోనియన్ వాళ్లు పెట్టిన పక్షి గుర్తు ఒకటుంది. షరతులన్నిట్లో అది గట్టిది, అంగట్లో కనిపించేదీ తక్కువే.

ఇక పెద్దోడు తెచ్చిన ప్యాకెట్టు దగ్గరికి వస్తాను.

తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో వచ్చిందంటారు. బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరిలో పాములేరు లోయలో మొక్కలు నాటించాడు. 1920ల్లో అరకు, చింతపల్లి వైపు పాకింది. స్వాతంత్ర్యం వచ్చాక అటవీశాఖ, తరవాత గిరిజన సహకార సంస్థ, పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు ఒక్కొక్కరూ చేయి వేశారు. గిరిజనులు అడవి కొట్టి, కాల్చి, పోడు వేసుకునేవాళ్లు. కాఫీకి నీడ కావాలి కాబట్టి కాఫీ వేస్తే చెట్టు నిలుస్తుందని ప్రభుత్వం లెక్క. సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి మిరియాల తీగ, కింద కాఫీ. ఒక్కో కుటుంబానికి ఎకరం, రెండెకరాలు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈ తోటలు రెండు లక్షల ఎకరాల పైమాటే.

ఆ రైతుల్లో చాలామంది ఎరువుల మందులు, పురుగుమందులు ఎప్పుడూ పెద్దగా వాడినవాళ్లు కాదు. కొనే డబ్బు లేదు, కొండెక్కించే దారి లేదు. అంటే సేంద్రియం వాళ్లకు కొత్తగా నేర్పింది కాదు. కానీ సేంద్రియమని అమ్మాలంటే చూపించాలి. కాఫీలాంటి చెట్టుపంటకు మన జాతీయ కార్యక్రమం కింద మూడేళ్ల మార్పిడి కాలం ఉంది. ఆ మూడేళ్లు అన్నీ పద్ధతిగా చేయాలి, ధర మాత్రం మామూలుదే. ఒక్కొక్కరు సర్టిఫికెట్టు ఖర్చు భరించలేరు కాబట్టి గుంపుగా కడతారు. ఇరవై అయిదు మంది నుంచి అయిదు వందల మంది దాకా ఒక గుంపు. ప్రతి తోటకూ ఒక డైరీ, ఎప్పుడు కలుపు తీశారు, ఏం చల్లారు, ఎన్ని కిలోలు కోశారు. గుంపులో వాళ్లే ముందు తనిఖీ చేసుకుంటారు, తరవాత బయటి ఏజెన్సీ వచ్చి కొన్ని తోటలు చూస్తుంది. ఒకరి దగ్గర తప్పు దొరికితే మాట అందరి మీదికీ వస్తుంది. ముద్ర కావాల్సింది పట్నంలో కొనేవాళ్లకు, రాతపని కొండమీది రైతుది.

ఫలితం లేదనను. హైదరాబాదుకు చెందిన నాంది ఫౌండేషన్ అక్కడి చిన్న రైతులను సహకార సంఘంగా కట్టి, పండిన కాయను ఏరి కోయడం, గ్రామాల వారీగా రుచి చూసి మార్కులు వేయించడం నేర్పింది. ఆ కాఫీకి 2017లో ప్యారిస్‌లో అంగడి పెట్టారు, మరుసటి ఏడాది అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది, కూర్గు, వయనాడు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి కాఫీలతో పాటు. అప్పటిదాకా ఈ కాఫీ వేరే పేర్ల పొడుల్లో పేరు లేకుండా కలిసిపోయేది.

మా అత్తకు ఈ గుర్తింపు గురించి చెప్పడం సులువైంది. తిరుపతి లడ్డుకు 2009లో వచ్చింది అదే. తిరుపతిలో అంగడి పెట్టి లడ్డు చేసినంత మాత్రాన తిరుపతి లడ్డు అని అమ్మకూడదు. కానీ గమనించాల్సిందేమంటే ఆ గుర్తు ప్రధానంగా పుట్టిన చోటు గురించి చెప్తుంది. సేంద్రియమని చెప్పదు. రైతుకు ఎంత ముట్టిందో చెప్పదు. సేంద్రియ గుర్తు రుచి గురించి చెప్పదు. పద్నాలుగు అంకెల నంబరు అమ్మేవాడికి లైసెన్సు ఉందని చెప్తుంది, అంతే. ఆకుపచ్చ చుక్క శాకాహారమని చెప్తుంది, కాఫీపొడి ఇంకేమవుతుంది పాపం. ఒక్కో ముద్ర ఒక్కో ప్రశ్నకే జవాబు. మనం ఒకటి చూసి అన్నీ ఉన్నాయనుకుంటాం.

ఇప్పుడు ఇంకొక తనిఖీ వస్తోంది. 2020 డిసెంబరు 31 తరవాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ తమ దేశాల్లోకి రానివ్వమని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపించాలి. అమలు వాయిదాలు పడుతూ వచ్చింది కానీ పద్ధతి ఆగదు. అడవి నిలవడం కోసమని కాఫీ వేయించుకున్న కొండవాళ్లే, అడవి నరకలేదని ఫోనులో మ్యాపు పట్టి చూపించాలి. దానిమీద 2025లో అరకు తోటల్లో మొదటిసారిగా కాయతొలుచు పురుగు కనిపించింది. పురుగు సోకిన కాయలను కోయించి నాశనం చేయించారు. పంట చేతికొచ్చే ముందు అది చూసిన ఇల్లాలికి ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. మందు కొట్టేద్దామనిపించే రోజు అది. సేంద్రియ ప్రమాణం చేసినవాడికి ఆ రోజే కోనేరు.

ఇదంతా నాకు ఇంత పట్టడానికి ఒక కారణం ఉంది. మాకు మూడెకరాల మామిడి తోట ఉంది. పోయిన నెల మా ఊళ్లో అయిదారుగురు రైతులు కలిసి పీజీఎస్ కింద గుంపు కడదామన్నారు. అందులో బయటి ఏజెన్సీ ఉండదు. కనీసం అయిదుగురు రైతులు ఉంటే చాలు, ఒకరి తోట ఒకరు చూసి, ఒకరికొకరు పూచీ పడతారు. ఎగుమతికి పనికిరాదు, మన దేశంలో అమ్ముకోవడానికి సరిపోతుంది. ఖర్చు దాదాపు లేదు. మా మామిడి ఎటూ చాలావరకు మందు లేకుండానే పోతోంది, పశువుల ఎరువు, జీవామృతం. ఫారం తెచ్చి మా ఆయన బల్ల మీద పెట్టి వారమైంది.

చావడిలో కూర్చుని ఆయన ఒక్కొక్క గడీ నింపుతూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు. ఆఖరిసారి రసాయన మందు వాడిన తేదీ. ఈ ఏడు పూత మీద తేనెమంచు పురుగు ఎక్కువై, పూతంతా నల్లబడతా ఉంటే, ఒక్కసారి కొట్టించాడు. ఒకే ఒక్కసారి. అది రాస్తే మూడేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్క. రాయకపోతే ఈ మధ్యలో రెండేళ్లు కలిసొస్తాయి. గుంపులో వాళ్లలో ఇద్దరికి తెలుసు, వాళ్లూ కొట్టించారు కాబట్టి వాళ్లు మాట్లాడరు.

"ఏం రాద్దాం?" అని నన్నడిగాడు.

మా అత్త కాఫీ తాగుతా ఉంది, అరకుదే. తలెత్తలేదు కానీ వింటా ఉందని తెలుస్తోంది. "బాగుండాది, కొంచెం పులుపు" అంది కాఫీ గురించి.

నా ఖర్చుల పుస్తకంలో ప్రతిదీ ఉంటుంది, పాలు, కరెంటు, కాఫీపొడి, మందు. సంక్రాంతి అయిన తరవాతి వారం పేజీ తీసి, ఫారం పక్కన పెట్టాను. మందు అంగడి బిల్లు కూడా ఆ పేజీకే గుచ్చి ఉంది. ఆయన దాన్ని చూసి, పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. నేను రెండో డికాషన్‌కు నీళ్లు పెట్టడానికి లోపలికి పోయాను.